బేకరీ గోడ చల్లారినాక

రెండువేల ఆరు, డిసెంబరు. బెంగుళూరు హూడిలో రైల్వే గేటు వెనక సందు. ఒక అద్దె ఇంటి లోపలి గదిలో హేమంత్‌కుమార్, అతని భార్య శశికళ. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.

“ఏమయ్యా, ఆ గోడకు చెవి ఆనిచ్చి ఏం వింటా ఉండావు?”

“వినడం కాదే. చెంప పెట్టి చూస్తా ఉండా. ఒకవేళ అవతల పొయ్యి ఎలిగిచ్చినారేమోనని.”

“బేకరీ మూసేసి ఎన్ని దినాలాయె! పొయ్యిలో ఇటికెలు గూడా పీక్కోని పోయిరి. ఇంగ పొయ్యి యాడిది?”

“ఆశ శశీ. చేత్తో చూస్తే చల్లగా ఉండాది. చెంపకన్నా తెలుస్తాదేమోనని.”

“తెలిసిందా?”

“లేదు.”

“లేదు గదా. ఇవతలికి రా.”

“ఈ గోడను చూసే గదా ఈ ఇల్లు పడితిమి. అవతల బన్నులు కాలతా ఉంటాయి, ఇవతల బొద్దింకలు వెచ్చగా ఉంటాయి, మనం చిల్లిగవ్వ పెట్టే పని లేదు అని...”

“నాకెందుకు చెప్తావు? ఎండాకాలమంతా ఆ గోడ పక్కన ఉడికింది నేను. మా అమ్మ వచ్చి, ఏమే ఈ గది ఇట్ల కుంపటి మాదిరి ఉండాదంటే, అల్లునికి చలి ఎక్కువమ్మా అని చెప్పింది నేను. అందరి అల్లుళ్ళూ కోళ్ళు సాకుతారు, మేకలు సాకుతారు. నా మొగుడు బొద్దింకలు సాకుతాడని యా నోటితో చెప్పేది?”

“చెప్పొద్దులే.”

“చెప్పలే. చేపల సామాన్ల యాపారమని చెప్పినా.”

“సరే, వేన్నీళ్ళ సీసాలు మార్చినావా?”

“ఇప్పుడే మారిస్తి. నా దుప్పటి గూడా ఆ డబ్బాకే చుట్టినా. రాత్రంతా నేను చీర కప్పుకోని పండుకుంటి.”

“అట్టలెత్తు. తల్లులెట్లుండాయో చూద్దాం. మెల్లగా... మెల్లగా శశీ... అయ్యో.”

“ఏంది?”

“ఇంగోటి పారేసింది.”

“ఏం పారేసింది?”

“సంచి. ఇదో, ఈ పసుప్పచ్చది. గుడ్ల సంచి. కడుపులోనే ఉండాల, కడుపులోనే పొదగాల. చలేస్తే ఇట్ల బయటికి తోసేస్తాది.”

“పిల్లలు బతకవని దానికి తెలుస్తాదా?”

“ఏం తెలుస్తాదో ఏమో. తోసేస్తాది, అంతే.”

“అయ్యో పాపం.”

“నిన్న థూ అంటివే వీటిని చూసి!”

“థూ అంటే మాత్రం? కడుపుతో ఉండేది ఏదైనా అయ్యో అనదా నోరు? ఇంగెన్ని మిగిలినాయి?”

“గుప్పెడు. ఈ గుప్పెడు తల్లులు గనక చలికాలం దాటితే, ఎండలు ముదిరేలోగా మళ్ళీ డబ్బాలన్నీ నిండుతాయి. ఇవి పోతే... అయిపాయె.”

“ఫోన్ మోగతా ఉండాది.”

“మోగనీ.”

“రాజగోపాల్ సారేనా?”

“ఇంగెవరు? పొద్దుటినుంచి చేస్తానే ఉండాడు. ఆస్పత్రి మంచం మీద పండుకోని వేరే పనేముండాది ఆయనకు?”

“ఎత్తి ఉన్నది చెప్పెయ్యి. చలికి పురుగులు ఈనడం మానేసినాయి సార్, మీ చేపకు మేత లేదు అని.”

“రేపు పొద్దున ఆయనకు గుండె కోస్తారు. ఈ దినం ఫోన్ ఎత్తి నీ చేపకు మేత లేదనాలనా?”

“గుండెకు చేపకు ఏం సంబంధమయ్యా?”

“నీకూ నాకూ లేదు. ఆయనకుండాది. అది డ్రాగన్ చేప శశీ. ఇంటాయనకు వచ్చే గండాన్ని అది తన మీద ఏసుకుంటాదంట. అది బాగా తిని కళగా ఉంటే ఇంటాయన బాగుంటాడంట. తిండి మానేస్తే కీడంట. ‘చేప తినిందని చెప్పేదాకా నేను సంతకం పెట్టను, ఆ టేబులెక్కను’ అని డాక్టర్ల దగ్గర మొండికేసినాడంట. పోయిన వారం డ్రైవర్ కృష్ణప్ప కనపడి చెప్పినాడు.”

“అయితే చేపకు వేరేదేమన్నా పెట్టమను. రొయ్యలు, కోడి మాంసం.”

“ముట్టదు. ప్రాణంతో కదిలే పురుగు తప్ప ముట్టదు. అలవాటు చేసింది మనమే గదా.”

“...ఆ మూలన డబ్బా ఏంది?”

“యాది?”

“గోనెసంచి కప్పినావే, అది.”

“ఏం లేదు. ఖాళీ డబ్బా.”

“ఖాళీ డబ్బా గరగరా అంటాదా?”

“శశీ, దాన్ని తెరవొద్దు...”

“థూ! ఇవి మోరీ బొద్దింకలు గదయ్యా! యాడ పడితివి?”

“మెయిన్‌రోడ్డు హోటల్ వంటింట్లో. అడిగితే పట్టుకోని పో అన్నారు.”

“ఆ హోటల్లోనా? మొన్ననే మందు కొట్టినారు అక్కడ! ఆ కంపు మన సందు దాకా వచ్చె. మందు తగిలిన పురుగును తింటే చేప బతుకుతాదా?”

“చచ్చేటివి చచ్చినాయి. ఇవి బతికినవి. నీళ్ళలో కడుగుతా.”

“కడిగితే కడుపులోది పోతాదా?”

“ఒక్క పూటకు శశీ! ఒక్క పూట తింటే ఆయన టేబులెక్కుతాడు. తర్వాత ఏమైతే అది అవుతాది.”

“చేపను చంపి ఆయన్ను బతికిస్తావా? నాలుగు దినాలకు తెలిసిందంటే? వాకిట్లో ఎవరో... కారు ఆగింది.”

“సుమ్నే ఉండు. ఏం మాట్లాడొద్దు. డబ్బా మీద సంచి కప్పు.”

కారు దిగి వచ్చింది వరూధిని, రాజగోపాల్ భార్య.

“హేమంతూ! ఉండావా లోపల? ఫోన్ ఎందుకెత్తవప్పా?”

“మేడమ్! మీరే వచ్చినారా? కృష్ణప్పను పంపింటే సరిపోయేది గదా.”

“కృష్ణప్ప కారులో ఉండాడు. నేనే రావాలనుకున్నా, వచ్చినా. మేత ఇయ్యి, పోతా.”

“కూర్చోండి మేడమ్. శశీ, కాఫీ పెట్టు.”

“కాఫీ వద్దమ్మా. ఆయన ఆస్పత్రిలో ఒక్కరే ఉండారు. బేగ ఇచ్చేయప్పా.”

“ఉండాయి మేడమ్. లేకేం. నేనే సాయంత్రానికి తెచ్చి...”

“ఏ సాయంత్రానికి? ఈ వారమంతా అదే మాట. సాయంత్రం తెస్తా మేడమ్, సాయంత్రం తెస్తా మేడమ్. ఎన్ని సాయంత్రాలు పోయినాయి? రేపు పొద్దున్నే ఆయన్ను లోపలికి తీసకపోవాల. తెలుసు గదా?”

“తెలుసు మేడమ్. అదే... ఈ కరెంటు...”

“కరెంటుకు జిరళెలకు, అదే ఈ బొద్దింకలకు, ఏమప్పా సంబంధం? మా వంటింట్లో కరెంటున్నా లేకున్నా తిరుగుతానే ఉంటాయి.”

“అవి వేరే జాతి మేడమ్. ఇవి ఉడుకు దేశపువి. కంపుండదు, నున్నటి డబ్బా ఎక్కలేవు. మే నెల ఎండ మాదిరి ఉడుకుంటేనే ఈనుతాయి. మన డిసెంబరు చలికి ఊరికే బతికుంటాయి, అంతే.”

“అంటే లేవా?”

“లేవని కాదు...”

“ఉండాయా, లేవా? ఒక్క మాట చెప్పు.”

“శశీ, నువ్వు లోపలికి పో.”

“లోపలికంటే యాడికి పోవాల? ఇదే లోపల. అమ్మా, నేను చెప్తా విను. పక్కన బేకరీ మూతబడింది. ఈ గోడ చల్లబడిపోయింది. బల్బు పెడితిమి, కరెంటు నిలవదు. వేన్నీళ్ళ సీసాలు పెడితిమి, గడియకు చల్లారతాయి. కిరసనాయిలు పొయ్యి పెడితే పొగకే సగం చచ్చె. నీకియ్యడానికి పురుగుల్లేవమ్మా. అదీ సంగతి. ఈయప్ప సిగ్గుపడి చెప్పడంలేదు.”

“శశీ!”

“హేమంతూ, ఆ గోనెసంచి కింద గరగరా అంటా ఉండాయే. అవేంది?”

“...అవా మేడమ్? అవి...”

“పురుగులే గదా?”

“పురుగులే. ఒక పూటకు... సరిపోతాయనుకుంటా. ఇస్తా ఉండండి.”

“వద్దు! ఏమయ్యా, నీకు బుద్ధుండాదా? అమ్మా, వాటిని తీసుకోవద్దు. హోటల్లో పట్టినవి. వాటికి మందు కొట్టినారు. చేప తినిందంటే ప్రాణం మీదికి వస్తాది.”

“క్షమించండి మేడమ్. ఆమె చెప్పింది నిజమే. నాకు ఏం తోచక...”

“పర్వాలేదు. అవే ఇయ్యి.”

“ఏంది మేడమ్?”

“అవే ఇయ్యి అంటా ఉండా.”

“మేడమ్, వినబడలేదా మీకు? మందు తిన్న పురుగులు...”

“వినబడింది. డబ్బాలో పెట్టి ఇయ్యి. మూతకు బొక్కలుండేది. కృష్ణప్పకు కనబడేట్టు ఉండాల.”

“చేప చస్తాది మేడమ్.”

“అది నేను చూసుకుంటా.”

“ఏం చూసుకుంటావమ్మా? చేప చస్తే సారు ఆపరేషనుకు ఒప్పుకోడు. ఆపరేషను లేకుంటే ఆ గుండె ఎన్ని దినాలు కొట్టుకుంటాదో డాక్టర్లు నీకు చెప్పలేదా?”

“చెప్పినారు.”

“చెప్పినా గూడా ఇమ్మంటావా?”

“ఇయ్యమ్మా. మారు మాట్లాడకుండా ఇచ్చెయ్యి.”

“నేనియ్యను. ఇదో, డబ్బా మీద కూర్చుంటా. ఎట్ల తీసకపోతావో చూస్తా.”

“శశీ, లెయ్యి.”

“లెయ్యను. తెలిసి తెలిసి విషం అడిగే ఆడదాన్ని ఇప్పుడే చూస్తా ఉండా. ఏం మనసమ్మా నీది? తాళి కట్టిన మొగుడు...”

“శశీ! మాట జారొద్దు!”

“అననీ హేమంతూ. అననీ. ఇంగా అను శశికళా. నేనే అనుకుంటా ఉండా నన్ను.”

“మేడమ్... కూర్చోండి. శశీ, నీళ్ళు తే. మేడమ్, ఆ పురుగుల మాట మరిచిపోండి. తల్లుల్ని ఇస్తా.”

“ఏమయ్యా!”

“ఇస్తా శశీ. అడ్డం రావొద్దు.”

“తల్లులంటే?”

“ఈనే పురుగులు మేడమ్. గుప్పెడు మిగిలినాయి. దుప్పటి చుట్టి కాపాడుకుంటా ఉండాం. మందు లేనివి, మంచివి. చేప కండ్లకద్దుకోని తింటాది.”

“అవి ఇచ్చేస్తే మీకు?”

“మాకా? మాకేం. మళ్ళీ... ఏదో ఒకటి చేస్తాం.”

“ఏం చేస్తావయ్యా? ఏం చేస్తావో చెప్పు, నేనూ వింటా. విత్తనాల మూట విప్పి వండుకున్న రైతు తర్వాత ఏం చేస్తాడో అదే గదా?”

“మనిషి ప్రాణం ముందు విత్తనాలెంత శశీ? బొమ్మసంద్రలో ఫ్యాక్టరీకి బీగం ఏస్తే, మనం ఏడ్చుకుంటా కూర్చున్నప్పుడు ఈ పురుగుల్ని తెప్పిచ్చి నా చేతిలో పెట్టింది ఎవరు? నేను అసహ్యపడతా ఉంటే, ‘ఏమప్పా, పట్టుపురుగుల్ని సాకితే మర్యాద, బొద్దింకల్ని సాకితే అమర్యాదా’ అనింది ఎవరు? ఆయన ఇచ్చినవే. ఆయనకే పోనీ.”

“సరే. ఇయ్యి. కానీ నువ్వు ముట్టొద్దు. నేను తీస్తా. నువ్వు గట్టిగా పడతావు.”

“నువ్వెప్పుడూ చేత్తో ముట్టలేదే వాటిని!”

“ఈ దినం ముడతా. లేయి, దుప్పటి విప్పు. అమ్మా, ఇట్ల రా, దగ్గరికి. ఇదో, చూడు. భయపడొద్దు, కరవదు. దీని కడుపు చూసినావా, ఎట్ల నిండుగా ఉండాదో? ఇంత చలిలో గూడా ఇది సంచి పారెయ్యలే. గట్టిది. చెయ్యి పట్టు, పెడతా.”

“వద్దు.”

“కరవదమ్మా.”

“కరుస్తాదని కాదు. నా చేతిలో పెట్టొద్దు. దాన్ని మళ్ళీ లోపల పెట్టెయ్యమ్మా. దుప్పటి కప్పు. కప్పు, చలి తగలతాది.”

“మరి చేపకు?”

“చేప లేదు.”

“ఏంది మేడమ్?”

“చేప లేదు హేమంతూ. మొన్న చచ్చిపాయె.”

“మేడమ్...”

“మీరు పురుగులు తేలేదు. అది ఒక మూలన అట్లే నిలబడిపోయి ఉండె. ఆయన ఆస్పత్రి నుంచి గంటగంటకూ ఫోను, తినిందా, తినిందా అని. రొయ్య ఒకటి తెప్పిచ్చి, మూత ఎత్తి, నేనే దారానికి కట్టి కదిలిచ్చి చూపించినా. ముట్టలే. అంతలో ఆస్పత్రి నుంచి డాక్టరు పిలిస్తే అట్లే పరిగెత్తినా. మూత ఏసినానా, లేదా... ఏసినాననే అనుకుంటి. తిరిగొచ్చి చూస్తే తొట్టిలో లేదు. ఎగిరి బయట పడింది. సోఫా కింద ఉండె, ఎండిపోయి.”

“అయ్యో! అక్కా...”

“వాచ్‌మన్‌ను పిలిచి, అపార్ట్‌మెంట్ వెనక కొబ్బరిచెట్ల దగ్గర పూడ్పిచ్చినా. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకోని చెప్పినా. ఆయనకేమో బాగుండాది, కొంచెం మబ్బుగా ఉండాది, సాయంత్రం హేమంతు మేత తెస్తాడు, తింటాది అని... ఎట్లెట్లనో నెట్టుకొస్తా ఉండా. పొద్దున ఇంగ నమ్మలే ఆయన. ‘కృష్ణప్పను తీసకపోయి మేత తెచ్చుకో, పెట్టు, తిన్నాక చెప్పు, అప్పుడు పెడతా సంతకం’ అన్నారు. అందుకని వచ్చినా. నాకు కావాల్సింది పురుగులు కాదు. పురుగులు కారెక్కినట్టు కృష్ణప్ప చూడాల. అది మందు పురుగైతేనేం, ఏదైతేనేం.”

“ముందే చెప్పొచ్చు గదక్కా. నేను నోటికొచ్చినట్టు ఎన్ని మాటలంటి!”

“ఎట్ల చెప్పేది? ఒకరికి చెప్తే రెండో వాళ్ళకు తెలుస్తాది. కానీ ఆ కడుపుతో ఉండేదాన్ని నువ్వు చేతిలోకి తీసి నాకియ్యబోతివే, అప్పుడింగ నా వల్ల కాలే. లేని చేప కోసం మీ ఇంటి దీపం ఆర్పలేను గదా.”

“మేడమ్, తప్పు నాది. నేను టయానికి మేత తెచ్చింటే మీరు మూత ఎత్తే పనే లేదు.”

“తప్పులు తర్వాత పంచుకుందాం హేమంతూ. ఇప్పుడేం చేసేది? ఆయనకు ఏం చెప్పేది?”

“అక్కా, ఒక మాట అడుగుతా. ఆ చేప తొట్టి ఏమాయె?”

“అట్లే ఉండాది. నీళ్ళు, లైటు, హీటరు అన్నీ నడుస్తానే ఉండాయి. ఆపేకి మనసు రాలే.”

“హీటరా? నీళ్ళలో హీటరుండాదా?”

“చేపకు చలి తగలకుండా పెట్టిచ్చినారు.”

“మరి కరెంటు పోతే?”

“బెళ్ళందూరులో మా అపార్ట్‌మెంట్‌కు జనరేటరుండాది గదమ్మా. లైటు ఇట్ల ఆరి అట్ల వచ్చేస్తాది.”

“ఏమయ్యా, వింటివా?”

“వింటి. నాకు తట్టలే చూడు ఇది! మేడమ్, తల్లుల డబ్బాను ఆ తొట్టిలో సగం మునిగేట్టు తేలబెడితే? కింద నుంచి ఉడుకు, పైన మూత...”

“చలికాలమంతా ఆ నీళ్ళ మీద నిమ్మళంగా ఉంటాయక్కా. కృష్ణప్ప గూడా చూస్తాడు, డబ్బా నిండా పురుగులు కారెక్కుతా ఉండాయని. నీ పనీ అయితాది, మా పనీ అయితాది.”

“ఏంది, నేను సాకాలనా? జిరళెల్ని? నా హాల్లోనా?”

“గోధుమ తవుడు ఎయ్యి, క్యారెట్ ముక్క ఎయ్యి. నీళ్ళు గిన్నెలో పెట్టొద్దు, పడి చస్తాయి. దూది తడిపి పెట్టు. అంతే పని.”

“నవ్వు వస్తా ఉండాది నాకు. ఆయన అక్కడ అట్లుంటే నాకు నవ్వు వస్తా ఉండాది చూడు.”

“నవ్వక్కా. ఏం కాదు.”

“ఆయన ఇంటికొచ్చి తొట్టి చూసినారంటే?”

“అప్పుడేం చేస్తావు?”

“చెప్తా. కుట్లు మానినాక అన్నీ చెప్తా. తిట్టనీ. తిట్టేకి మనిషి ఉంటే చాలు.”

“మేడమ్... ఫోన్. మళ్ళీ సారే.”

“ఎత్తు. ఎత్తప్పా, ఇప్పుడు ఎత్తాల్సిందే. నేనిప్పుడు మాట్లాడితే గొంతులోనే పట్టేస్తారు. నువ్వు చెప్పు. మధ్యాహ్నమే మేత ఇచ్చినా, మేడమ్ ఇంటికి తీసకపోయి పెట్టినారు, తినింది, ఇంగో డబ్బా కోసం మళ్ళీ వచ్చినారు. అట్లే చెప్పు. కృష్ణప్పకు నేను చెప్పుకుంటా.”

“నాకు అబద్ధం రాదు మేడమ్.”

“ఇప్పటిదాకా ఆడితివి గదయ్యా, ఉండాయి మేడమ్, ఉండాయి మేడమ్ అని. ఎత్తు!”

“హలో... సార్! ఆఁ సార్, హేమంతునే. పనిలో ఉంటి సార్, అందుకే ఎత్తలే. ఆరోగ్యం ఎట్లుండాది సార్? ...ఇచ్చినా సార్. మధ్యాహ్నమే ఇచ్చినా. మేడమ్ మళ్ళీ వచ్చినారు, ఇక్కడే ఉండారు. ...తినింది సార్. తినిందంట.”

“బాగా తినిందని చెప్పు.”

“బాగా తినిందంట సార్. ...ఎట్లంటే... పైకొచ్చి చూసిందంట, ఒక్క దుముకు దుమికి పట్టేసిందంట. నీళ్ళు చిమ్మి మేడమ్ చీర తడిచిందంట. ...ఆఁ సార్, కళగానే ఉండాదంట. పొలుసులు బంగారం మాదిరి మెరుస్తా ఉండాయంట...”

“చాలు, చాలు. ఎక్కువ చెప్పొద్దు.”

“...సార్? ఉండారా సార్? ...ఆఁ. ...ఆఁ సార్. ...”

“ఏమంటా ఉండారు?”

“ఆగక్కా. మాట్లాడనీ.”

“...లేదు సార్, మేడమ్ కొంచెం దూరంగా ఉండారు. ...వింటా ఉండా సార్. ...అట్లనా సార్. ...సరే సార్. ...తప్పకుండా సార్. ...మీరు ధైర్యంగా ఉండండి సార్. అంతే సార్. పెట్టేస్తా.”

“ఏమన్నారు? హేమంతూ, ఏమన్నారప్పా? అంతసేపు ఏం మాట్లాడినారు?”

“నమ్మినారు మేడమ్.”

“నిజంగానా?”

“నిజంగా. ఇంగ భయం లేదు, రేపు పొద్దున పోతా లోపలికి అన్నారు. సంతకం గూడా... పెడతారంట.”

“నా మీద ఒట్టు?”

“మీ మీద ఒట్టు మేడమ్. ఆపరేషనుకు పోతారు. మిమ్మల్ని ఇంటికి పోయి ఇంత అన్నం తిని, పండుకోని, పొద్దున రమ్మన్నారు.”

“ఆయనేనా అన్నది? నేను తిన్నానా లేదా అని ఎన్నడూ అడగని మనిషి!”

“ఆయనే మేడమ్.”

“దేవుడా... శశికళా, ఆ డబ్బా ఇయ్యమ్మా, పోతా.”

“రా అక్కా, మెల్లగా. ఇదో డబ్బా, ఒళ్ళో పెట్టుకో. దుప్పటి తియ్యొద్దు, బెళ్ళందూరు దాకా ట్రాఫిక్కుంటాది, చల్లారిపోతాయి. కారు కిటికీ ఎక్కిచ్చుకో.”

“నీ దుప్పటి గదమ్మా ఇది?”

“రేపు తీసుకుంటా లే. నేనే వస్తా, సారుకు ఎట్లుండాదో చూసేకి. పోయిరా అక్కా.”

కారు సందు దాటింది. ఇంట్లో మళ్ళీ ఇద్దరే.

“వస్తావా లోపలికి, వాకిట్లోనే నిలబడతావా?”

“వస్తా.”

“కండ్లు ఎందుకు తుడుచుకుంటా ఉండావు?”

“దుమ్ము పడింది. కారు పోయె గదా.”

“మట్టి లేదు, దుమ్ము లేదు. సందంతా సిమెంటే. చెప్పు, సారు ఏమన్నాడు?”

“చెప్తిని గదా. నమ్మినాడు.”

“నమ్మినాడని ఆమెకు చెప్తివి. నాకు చెప్పు. ఆయన అంతసేపు మాట్లాడితే నీ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పాయె. నేను నిన్నే చూస్తా ఉంటి.”

“శశీ...”

“డాక్టర్లు ఏమన్నా అన్నారంటనా? బతకడని గానీ చెప్పినారా?”

“అట్లాంటిదేం కాదు.”

“మరేంది? పొద్దుటినుంచి అన్నిసార్లు ఫోన్ చేసింది మేత కోసం కాదా?”

“మేత కోసం కాదు. ‘చేప పోయిందని వాచ్‌మన్ కృష్ణప్పకు చెప్పినాడు, కృష్ణప్ప నాకు నిన్ననే చెప్పినాడు, సంతకం గూడా నిన్ననే పెట్టేసినా హేమంతూ. నాకు భయంగానే ఉండాది, అయినా పోతా. ఆమె దాచాలనుకునింది గదా, నాకేం తెలియనట్టే పొద్దున మేతకు పంపినా. చేప తినిందని నేను నమ్మినట్టే మీ మేడమ్‌కు చెప్పు, అట్లయితేనే ఆమె ఈ రాత్రికి నిద్రపోతాది’ అన్నాడు.”